కాలి కింద దిగిపోయే పెడల్

పంచవర్ణం పులిహోర మూట కట్టి గడప మీద పెట్టింది. ఇంకా ఎండ ఎక్కలేదు. ధర్మపురిలో సేలం రోడ్డు పక్క సందులో, రేకుల కొట్టం కింద, ఆమె మొగుడు రంగరాజు మోరిస్ మైనర్ కారుకు ఆఖరిసారి గుడ్డ పెట్టి తుడుస్తున్నాడు.

బొమ్మిడిలో ఒక మండీ వెనక వానకు తడిసి, తుప్పు పట్టి, అడుగు రేకులు చిల్లులు పడి ఉన్న బండి అది. లారీ బాడీలకు రేకులు కొట్టి బతికే రంగరాజు దాన్ని లారీకి కట్టి లాక్కొచ్చిన రోజు వీధంతా నవ్వింది. ప్లస్ టూ రాసి ఇంట్లో ఉన్న కూతురు సౌభాగ్యం ఒక్కతే నవ్వలేదు. పావడా చెక్కుకుని స్పానరు పట్టింది. ఏడాదిగా ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నట్టు పనిచేశారు.

ఇవాళ సేలంలో బావమరిది శ్రీనివాసన్ మనవడికి చెవులు కుట్టే వేడుక. ప్రతి వేడుకలోనూ పదిమంది ముందు ‘మా తగరం రేకులు కొట్టే బావ వచ్చినాడు’ అని ఎగతాళిగా చేతులు చాచేవాడు శ్రీనివాసన్. ఆ నోటి ముందు సొంత కారులో, ఇంటిల్లిపాదితో దిగాలి. రంగరాజుకు అంతకంటే వేరే కోరిక లేదు. మధ్యలో తొప్పూరు కనుమ ఉంది. ఆ దిగుడులో లారీలు లోయలోకి పోవడం ఆ ఊళ్లో కొత్త వార్త కాదు.

"నాయనా, బ్రేకు ఇంకోసారి చూడాల" అంది సౌభాగ్యం.

"మళ్లీ మొదలుపెట్టినావా?"

"మొదట్లో పెడల్ గట్టిగా ఉండె. ఇప్పుడు తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతా ఉంది. కాలి కింద నేల జారిపోతున్నట్టు ఉంది నాయనా."

"మొన్న సందు చివరిదాకా నడిపినా. నిలపమన్నచోట నిలిచింది."

"సందులో నిలుస్తుంది. కనుమలో కాలు తియ్యకుండా తొక్కి పట్టాల కదా!"

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసే పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం పక్కన పడుకుని మర విప్పి బిగించాలి. తొక్కింది ఎప్పుడూ సౌభాగ్యం. పడుకున్నది రంగరాజు. బుడగలు ఆగిపోవడం అతని కళ్లు చూశాయి. పెడల్ ఏం చెబుతోందో కూతురి కాలికే తెలుసు. అది ఒప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు.

"నాలుగు పుస్తకాలు చదివి నాకే పని నేర్పిస్తావా? ఎక్కు!"

"ఎక్కను. అమ్మనూ అవ్వనూ ఎక్కనివ్వను."

చెంప మీద దెబ్బ పడిన చప్పుడుకు పంచవర్ణం పరుగున వచ్చింది. "ఏమయ్యా, మంచికి పోతా ఆడబిడ్డ మీద చెయ్యెత్తినావే!"

రంగరాజు వినలేదు. బండి ఎక్కి ఇంజను లేపాడు. సౌభాగ్యం వెళ్లి కారు ముందు నిలబడింది. ఏడవడం లేదు. అది చూస్తే అతనికి ఇంకా మండింది.

"జరుగే!"

"జరగను. పోవాలంటే నా మీదుగా పో."

అప్పుడు లోపలి నుంచి అతని తల్లి తిమ్మమ్మ వచ్చింది. చేతిలో ఇత్తడి గ్లాసు. గ్లాసులో ఏదో నల్లటిది.

"తండ్రీకూతుళ్లు అరుచుకుంది చాలు. నా పని నన్ను చేసుకోనియ్యండి, బయలుదేరుదురు."

ముసలామె తలుపు తీసి, కొడుకు కాళ్ల దగ్గర కప్పిన గోనెపట్టా ఎత్తింది. అడుగు రేకులో ఉన్న చిన్న మూతను తడమకుండా, వెతక్కుండా, అలవాటైన చేత్తో తిప్పింది.

"అమ్మా! ఏం చేస్తా ఉండావు?"

"కందెనరా. గడ్డి మసిలో నువ్వు వంచిపెట్టిన పాత ఆయిలు కలిపినా. మీ నాయన ఎద్దులబండి మహేంద్రమంగళం సంతకు పోవాలంటే, ఇంటి పెద్దది ఇరుసుకు పొయ్యకుండా కదిలేదా? దీని ఇరుసు ఎక్కడుందో కనపడలా. ఈ మూత తీస్తే నూనె ఉండె. ఇదేలే అని నెలగా శనివారం శనివారం పోస్తా ఉండాను."

అది బ్రేకు ఆయిలు పోసే చోటు. ఇంజను ఆయిలు తగిలి లోపలి రబ్బరు ఉబ్బిపోయి ఉంటుంది, మసి దాన్ని గీసేసి ఉంటుంది.

రంగరాజు కాలు పెడల్ మీద పెట్టి, మొదటిసారి ఎత్తకుండా తొక్కి పట్టాడు. గట్టిగానే ఉంది. తరువాత మెత్తబడింది. ఎవరో లోపలి నుంచి లాగుతున్నట్టు దిగి దిగి, రేకుకు తగిలి ఆగింది. కనుమ మలుపు కళ్ల ముందు తిరిగింది. వెనక సీట్లో తల్లి, పెళ్లాం, బిడ్డ.

ఇంజను ఆపేశాడు.

"ఏమిరా, తక్కువైందా? ఇంకా పొయ్యాల్నా?" అంది తిమ్మమ్మ.

అతను దిగాడు. చక్రం పక్కన కూలబడ్డాడు. కూతురి చెంప మీద తన వేళ్లు తేలి ఉన్నాయి. సౌభాగ్యం వచ్చి పక్కన కూర్చుని, చెవిలో చెప్పింది: "నాయనా, అవ్వకు చెప్పొద్దు. మనల్ని చంపబోయినాననుకుని అన్నం మానేస్తుంది."

దెబ్బ తిని కూడా బిడ్డ ముందు ఆలోచించింది అవ్వ గురించి.

"ఎందుకురా దిగినావు?" తిమ్మమ్మ గద్దించింది.

"బ్రేకు సరిగ్గా పెట్టలేదమ్మా. తప్పు నాది. పాప ముందే చెప్పింది, నేనే వినలేదు. ఇంక ఆ మూత పాప తప్ప ఎవరూ తీసేది లేదు, నేనైనా సరే. మనం బస్సుకు పోదాం."

పంచవర్ణం నోరు తెరిచి చూసింది. తప్పు నాది అనే మాట ఆ నోట ఆమె ఇన్నేళ్లలో విన్నది లేదు.

"మూడుకాళ్ల ముసలిదాన్ని బస్సులో నిలబెడతావా? ఇంతకాలం రేకులు కొట్టి ఏం నేర్చుకుంటివిరా నువ్వు!" అని తిమ్మమ్మ తిడుతూనే ఉంది. రంగరాజు తల వంచుకుని అన్నీ పడ్డాడు. కన్నీళ్లు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. అతని చేతులు రెండూ కూతురి చేతిని పట్టుకుని ఉన్నాయి.