చిక్కమునియప్ప పీల్చే గాలి

వర్తూరు చెరువు వెనక వీధిలో చిక్కమునియప్ప ఇల్లు ఒకటుంది. దాని గోడ పక్కన బండి ఆపొద్దని, ఆ వీధిలోకి కొత్తగా దిగినవాళ్లకు ఇంటి ఓనరు కంటే ముందే ఇరుగుపొరుగు చెప్పేస్తారు.

చిక్కమునియప్ప ఆయాసం మనిషి. ఇల్లు సగం లేచి ఉండగానే, ఆ వరండాలోనే, ఒక రాత్రి ఊపిరందక పోయాడట. పోయినవాడు పోయినట్టు ఉండక, అక్కడ ఆగిన బండ్ల టైర్లలో గాలి పీల్చుకుంటున్నాడట! ఎదురింటి జయమ్మ అయితే చెవులారా విన్నానంటుంది.

"నడిరాత్రి స్స్స్... అని పీలుస్తాడప్పా. ఇంకా ఆడనే ఉండాడు. పాపం, బతికినన్నాళ్లూ ఆయనకు తక్కువైంది అదే కదా!"

అయినా బాలరాజు తన కారు అక్కడే పెట్టేవాడు. బెంగళూరులో దెయ్యంతోనైనా సర్దుకుపోవచ్చు గానీ, పార్కింగుకు ఇంకో చోటు వెతుక్కోవడం మన వల్ల కాదు.

కదిరి నుంచి భార్య అనసూయతో వచ్చి, ఒక ట్రావెల్స్‌లో కారు పెట్టి తనే నడుపుతున్నాడు బాలరాజు. తెల్లవారకముందే హూడికి వెళ్లి సాఫ్ట్‌వేరు వాళ్లను ఎక్కించుకోవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి వీధంతా పడుకుని ఉంటుంది. ఇలా నడుం వాలిస్తే అలా అలారం మోగేది.

ఆ మధ్య నుంచి మొదలైంది ఈ పీడ. వేకువన వెళ్లి చూస్తే వెనక ఎడమ టైరు నేలకు అంటుకుపోయి ఉండేది. ఆ వేళకు గాలి కొట్టే షాపు తెరవదు. స్టెప్నీ సంగతి అడక్కండి — అది డిక్కీలోనే ఎప్పుడో ప్రాణం విడిచింది. తర్వాత పంచరు షాపువాడు టైరును నీళ్లలో ముంచి చూస్తే మేకూ లేదు, చిల్లూ లేదు. ఇంకొక్కసారి ట్రిప్పు తప్పితే నీ బండి మాకొద్దన్నాడు మేనేజరు. ఆ మొగుడూ పెళ్లాలకు ఆ బండే అన్నం.

బాలరాజుకు టీపీఎంఎస్ పిచ్చి పట్టింది అప్పుడే. నాలుగు చక్రాల్లో నాలుగు సెన్సార్లు, డ్యాష్‌బోర్డు మీద చిన్న డబ్బా. ఏ టైరులో ఎన్ని పాయింట్ల గాలి ఉందో చూపిస్తుంది, తగ్గితే కూస్తుంది. పెట్టించడం దండగా కాదా అని స్నేహితుడు హరితో టీకొట్టు దగ్గర పెద్ద చర్చే జరిగింది.

"హైవే మీద పోయేవాళ్లకు పనికొస్తాదిలే. దెయ్యానికి సెన్సారేంది మచ్చా?" అన్నాడు హరి.

అనసూయ అంతకంటే గట్టిగా వద్దంది. "కాలితో ఒక్కటి తంతే తెలీదా? మిషనెందుకు?"

బాలరాజు ఎవరి మాటా వినలేదు. కార్ల సామాన్లు దొరికే జేసీ రోడ్డుకు వెళ్లి బిగించుకొచ్చాడు.

ఆ రాత్రి హరి గదిలో పడుకుంటానని ఇంట్లో చెప్పి... ఎక్కడికీ పోలేదు. గోడ పక్కన ఆపిన కారులోనే, వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు. కీ తిప్పి ఉంచాడు. అద్దాలు ఎత్తేశాడు. డబ్బాలో నాలుగు అంకెలూ ముప్పై మూడు దగ్గర కదలకుండా వెలుగుతున్నాయి.

కాసేపటికి పక్కనున్న పీజీ హాస్టలుకు వాటర్ ట్యాంకరు వచ్చింది. కారుకు కుడివైపు, తలుపు బెత్తెడు కూడా తెరుచుకోనంత దగ్గరగా ఆగింది. డ్రైవరు పైపు తగిలించి, మోటారు వేసి, లోపలికి పోయాడు.

ఎడమవైపు గోడ. సన్నటి మనిషి పక్కకు తిరిగి నడవగల సందే తప్ప, తలుపు తీసే చోటు లేదు.

అప్పుడు తట్టింది బాలరాజుకు — దెయ్యాన్ని పట్టుకుందామని వచ్చి తనే బోనులో కూర్చున్నాడు.

హారన్ కొడదామా? కొడితే తను లోపలున్నట్టు దానికి తెలిసిపోతుంది. ఫోన్ చేద్దామా? ఎవరికి? ఏమని? చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఉక్క... చీకటి... మోటారు హోరు...

మోటారు ఆగిపోయింది.

స్స్స్...

డబ్బా కీక్ కీక్‌మని కూసింది. వెనక ఎడమ టైరు — ముప్పై. ఇరవై ఏడు...

 ఛాతీ బిగుసుకుపోయింది. చిక్కమునియప్ప ఇలాగే పోయి ఉంటాడు అనుకున్నాడు. ఇరవై రెండు. టైరులో గాలి అయిపోయాక... తర్వాత ఎవరిది?

పద్దెనిమిది.

అప్పుడు, అద్దానికి ఆవల, తన చెవి పక్కనే — ఆడగొంతు. గుసగుసగా.

"అరవద్దే... ఇంకొంచెమే... అయిపోతాది..."

 చిక్కమునియప్ప మగవాడు కదా! ఆ గొంతు మళ్లీ వినబడింది. ఆ గొంతు... అతనికి తెలుసు.

అద్దం దించాడు.

గోడకూ కారుకూ మధ్య, చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, పిన్నీసుతో టైరు వాల్వు నొక్కిపట్టి — అనసూయ.

కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. ఎవరూ లేరనుకుని ఆమె బుజ్జగిస్తున్నది కూసే డబ్బాను.

"నువ్వా? ఇన్నాళ్లూ నువ్వేనా? మన నోట్లో మనమే మన్ను కొట్టుకుంటామా అనసూయా?"

ఆమె లేచి నిలబడింది.

"స్టీరింగు మీదనే కునుకు తీస్తాండావని హరన్న చెప్పినాడు. ఒక్క దినం నిలిచిపో అంటే మీదికి లేస్తావు. టైరు పడిపోయిన దినమే నువ్వు ఎండొచ్చేదాంక పండుకునేది." చేతిలోని పిన్నీసుతో డబ్బాను చూపించింది. "టైరులో గాలి తగ్గితే కూసే మిషను తెచ్చుకుంటివి. నీకు కన్ను మూతపడితే కూసే మిషను యాడుండాది?"

కోపం తెచ్చుకుందామనుకున్నాడు. రాలేదు. కన్నీళ్లు వచ్చాయి. ఎన్నిసార్లు తల వాలిపోయి ఉలిక్కిపడి లేచాడో అతనికే తెలుసు. తలుపు తీయబోతే గోడకు తగిలింది. చేయి మాత్రం బయటపెట్టాడు. ఆమె పట్టుకుంది.

"ట్యాంకరోడు వచ్చేదాంక నువ్వెట్లా బయటికి రాలేవు. పండుకో."

ట్యాంకరు ఎప్పుడు కదిలిందో బాలరాజుకు తెలియదు.

ఇంకా చీకటుండగానే సీటు మీద ఫోను మోగింది. అనసూయ కిటికీలోంచి చేయిపెట్టి అందుకుంది. మేనేజరు.

"ఏమ్మా, మళ్లీ పంచరా?"

"లేదు సార్," అంది అనసూయ, మెల్లగా. "డ్రైవరు పండుకోని ఉండాడు. నేను లేపను."