మబ్బు లేని రోజు ఎర్ర గుడ్డ

అప్పుడే వాన వెలిసింది. నీళ్లోడుతున్న దుప్పటి తెచ్చి అతని రిజిస్టర్ పక్కన థప్పున పడేసింది ఆమె.

"కొలవండి వాన సార్, ఎన్ని మిల్లీమీటర్లుందో."

వాతావరణ కార్యాలయం మేడమీద వాన కొలిచే ఉద్యోగి అతను. పక్క మేడమీద ఆమె లాండ్రీ దండేలు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఊరది. వేసవి చివర్లో మూడింటిదాకా ఎండ మాడు పగలగొడుతుంది. నాలుగింటికి ఎక్కణ్నుంచో మబ్బు లేచి కుండపోతగా కురుస్తుంది. అందుకే ఇద్దరి మధ్యా ఓ ఒప్పందం. మబ్బు లేవగానే అతను పిట్టగోడకు ఎర్ర గుడ్డ కట్టాలి, ఆమె వచ్చి దుప్పట్లు తీసుకోవాలి.

"ఇవాళ కట్టానండీ."

"సోమవారమూ కట్టారు, బుధవారమూ కట్టారు. పరుగెత్తుకొచ్చి తీస్తే ఒక్క చుక్క పడిందా? అందుకే ఇవాళ నమ్మలేదు, దుప్పట్లన్నీ తడిశాయి. ఆరింటికల్లా ఆసుపత్రికి ఇవ్వాలి ఇవి. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లకిస్తామన్నారు. ఇంత చదివి మబ్బుకీ పొగకీ తేడా తెలీదా మీకు?"

అతను తల దించుకున్నాడు. "ఆ రెండు రోజులూ మబ్బు లేదండీ."

"మరి?"

"గుడ్డ కడితే మీరు పైకొస్తారని."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ సరదాకి నా పొట్ట కొడతావా?" మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "చూస్తావేం? దిగు. ఇస్త్రీ చేయడం వచ్చా?"

"డ్యూటీ అయిపోయిందండీ. నేర్చుకుంటాను."

లాండ్రీ అంతా ఆవిరి కమ్మింది. తడి దుప్పట్ల మీద చెరో ఇస్త్రీ పెట్టె పట్టి రుద్దుతున్నారు. అతను రెండుసార్లు వేళ్లు కాల్చుకున్నాడు.

"బాగా అయింది," అంది ఆమె.

మడతలు పెడుతున్న ఆమె తల్లి తల ఎత్తింది. "తిట్టడం ఆపి ఆ అంచు పట్టుకోవే. కోపానికి దుప్పట్లు ఆరతాయా?"

"నా కోపానికైతే ఆరతాయమ్మా."

ఆరుకు అయిదు నిమిషాలుండగా దుప్పట్లు ఆసుపత్రిలో దిగాయి. బయటికొస్తూ అతనన్నాడు, "క్షమించండి."

"క్షమించను. ఇకమీదట ఎర్ర గుడ్డ వానకే. మళ్లీ అబద్ధం కట్టావో, మేడమీంచి తోసేస్తాను." రెండడుగులు వేసి, మొహం అటు తిప్పుకునే అంది, "నన్ను చూడాలనిపిస్తే తెల్లది కట్టు."

మర్నాడు మూడున్నరకు పిట్టగోడ మీద రెండూ ఎగురుతున్నాయి.

ఆమె పళ్లు కొరుకుతూ ముందు దుప్పట్లన్నీ లాగి లోపల వేసింది. ఆ తరవాతే అతని మేడ మెట్లెక్కింది. ఆఖరి మెట్టు మీద ఉండగా మొదటి చినుకు పడింది.