కుళాయి నీళ్ల కుట్ర

“మధ్యాహ్నం పన్నెండుకి నగరం నీళ్లు పరాయి కంపెనీ చేతికి పోతున్నాయి. ఆపాలి,” అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్.

కుళాయి నీళ్ల నిండా మైక్రోప్లాస్టిక్ ఉందని ఆ కంపెనీ ఊరంతా టముకు వేసింది. ఈరోజు మేయర్ ఎదుటే పరీక్ష. ఓడితే వాటర్‌వర్క్స్ వాళ్లదే. దాని చీఫ్ కెమిస్ట్ అబద్ధాలకోరు అనిపించుకుని ఇంటికి పోవాలి. ఆ కెమిస్ట్, ఏజెంట్ డేగను పెంచిన పిన్ని.

“వాళ్ల నిపుణురాలు నెమలి మన డబుల్ ఏజెంట్. సాయం చేస్తుంది,” అని డేగను పంపాడు చీఫ్.

పెట్టుడు మీసంతో, మెడలో కెమెరాతో, పత్రికా ఫొటోగ్రాఫర్ వేషంలో డేగ వాటర్‌వర్క్స్ ల్యాబ్‌లో దిగాడు. “ఆ మీసం నీకు నప్పలేదురా,” అని పక్కనుంచి గొణిగింది పిన్ని. గూఢచారి పరువు అక్కడికక్కడే గంగలో కలిసింది.

ఎర్రటి పాలియెస్టర్ గౌనులో నెమలి వచ్చింది.

“ఎండ ఎలా ఉంది?” కోడ్ వదిలాడు డేగ.

“గొడుగు మర్చిపోయాను.”

జవాబు సరైనదే. అయినా డేగకు అనుమానం తగిలింది. చిన్నప్పుడు నైలాన్ స్వెట్టర్‌తో వస్తే పిన్ని అతన్ని ల్యాబ్ గడప తొక్కనిచ్చేది కాదు. అలాంటి బట్టల ప్లాస్టిక్ పోగులు రాలి శాంపిల్‌లో పడితే లెక్కంతా తప్పుతుంది. ఈ పని తెలిసినవాళ్లెవరూ ఇలాంటి గౌనుతో రారు. ఆమె మూత తీసిన శాంపిల్ మీదికి వంగి, మెల్లగా చెయ్యి దులిపింది.

నీళ్లు వడకట్టారు. ఫిల్టర్ కాగితం నిండా పోగులు.

“ఇదీ మీ తాగునీరు!” కంపెనీ బాస్ నవ్వాడు. మేయర్ పెన్ను తీశాడు.

“ఆగండి!” డేగ కెమెరాకు మైక్రోస్కోప్ లెన్స్ తగిలించి ఫిల్టర్ కాగితం మీద పెట్టాడు. కెమెరా తెరమీద ఎర్ర పోగులు. లెన్స్ నెమలి గౌను అంచుకు ఆనించాడు. అవే పోగులు! డబుల్ ఏజెంట్ అసలు కంపెనీ మనిషే.

“గాజు సీసాలో ఇంకో శాంపిల్ తీస్తాను,” అంది పిన్ని. “అందరూ నూలు కోట్లు వేసుకోండి. ఈవిడ బయట ఉండాలి.”

“టైమైపోయిందమ్మా...” నసిగాడు మేయర్.

“ఇసుక పొరలు, మెంబ్రేన్ ఫిల్టర్లు దగ్గరుండి కడిగించినదాన్ని! నా నీళ్ల మీద నింద వేసి నన్ను దాటిపోలేరు. ముందు ఆ పెన్ను మూయండి!”

మేయర్ మూసేశాడు.

కొత్త ఫిల్టర్ కాగితం మీద రెండే ప్లాస్టిక్ నలుసులు. “అసలు లేవని నేనెప్పుడూ అనలేదు,” అంది పిన్ని. “ఎలా వడకట్టాలో మాకు తెలుసు, అంతే.”

మేయర్ ఒప్పందాన్ని చింపేశాడు. గుమ్మం దగ్గర నెమలి పిస్టల్ తీసేలోపే డేగ ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

బాస్ గొంతు ఎండిపోయింది. తన కంపెనీ ప్లాస్టిక్ బాటిల్ మూత తిప్పాడు.

“అది కూడా పరీక్షిద్దామా?” అంది పిన్ని.

ఆయన మూత మళ్లీ బిగించాడు. శాంపిల్ కల్తీ చేయించిన నేరానికి పోలీసు జీపు ఎక్కేదాకా దాహంతోనే ఉన్నాడు.