ఆర్ద్ర వెలుగెంత?

"మొన్న శుక్రవారం నేను పంపిన నంబర్ అబద్ధం" అంది మధులిక.

ఆదిలాబాద్‌లో ఆమె వాళ్లింటి డాబా మీద, విద్యాధర్ చేతిలోని చాయ్ కప్పు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కింద హాల్లో అతని అవ్వా బాపూ, ఆమె బాపు సంతోష్‌రావుతో పెళ్లిమాటలు మాట్లాడుతున్నారు. పిల్ల సరే అంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే అతను మందమర్రి నుంచి దారంతా మొక్కుకుంటూ వచ్చాడు.

ఇద్దరూ ఫిజిక్స్ లెక్చరర్లు. రెండు నెలల కిందట ఒక ట్రైనింగ్‌లో కలిశారు. ఆర్ద్ర నక్షత్రం వెలుగు ఒక్కతీరుగా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. రోజూ ఏడింటికి ఎవరి ఊళ్లో వాళ్లు దాన్ని రోహిణితో పోల్చి చూసి, వాట్సాప్‌లో వెలుగు ఎంతో నంబర్ పంపుకోవాలని అప్పుడే అనుకున్నారు.

"ఆర్ద్ర రోహిణి కన్నా మసకగున్నదని కావాలనే రాసిన. నాక్కూడా గట్లనే కనవడ్డది అన్నరు మీరు. అసలు చూసిండ్రా?"

"చూసిన."

"మరి?"

అతను తల దించుకున్నాడు. "మంచిగనే మెరిసింది. గని రోజూ మీ మెసేజ్ వచ్చేదాక ఆగి గదే పంపేటోన్ని. నాది తప్పయితే మీరు మాట్లాడుడు బంద్ జేస్తరేమోనని బుగులు."

ఆమెకు నవ్వొచ్చింది గానీ కోపం పోలేదు. "నేనేమంటే గదే అనేటట్టయితే ఇద్దరం చూసుడెందుకు? జిందగీ మొత్తం అవును అనేటోనితోని నేనేం మాట్లాడాలె? బాపుకు వద్దని చెప్దామనుకుంటున్న."

విద్యాధర్ కప్పు పిట్టగోడ మీద పెట్టేశాడు.

జిన్నింగు మిల్లుల వైపు ఎరుపు ఆరిపోయి ఆకాశం మెల్లగా నీలంలోకి దిగింది. గాలికి ఆమె చున్నీ అంచు అతని మోచేతిని తాకి వెళ్లింది. నెత్తిమీద రెండు చుక్కలూ నిదానంగా వెలిగాయి. ఇద్దరూ పైకే చూశారు. ఈ సాయంత్రం ఇట్లాగే ఉండిపోతే బాగుండునని అతనికి అనిపించింది.

"రెండూ సమానం" అందామె.

అవును అనే మాట అలవాటుగా నాలుక మీదికొచ్చింది. అతను మళ్లీ చూశాడు.

"కాదు. ఆర్ద్రనే ఎక్కువ."

"రెండు నెలల సంది చూస్తున్న, నాకు తెల్వదా?"

"తెలుసు. గని ఇయ్యాల నువ్వే తప్పు. మల్ల చూడు."

నువ్వు అన్నందుకు అతనే ఉలిక్కిపడ్డాడు. ఆమె మాత్రం కళ్లు చికిలించి చూస్తోంది.

"ఎక్కువుంటే జరంత ఉంటది."

"జరంత గాదు, మస్తున్నది."

"జరంతే."

"మధూ, ఏమంటవు బిడ్డా?" కింది నుంచి సంతోష్‌రావు పిలిచాడు.

ఆమె పిట్టగోడ మీద నుంచి వంగింది. "మా ఇద్దరికి లెక్క కుదురుతలేదు బాపూ."

కింద మాటలు ఆగిపోయాయి. పైన విద్యాధర్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

"కుదిరేదాక రోజూ ఒక్క డాబా మీదికెల్లే చూడాలె. తారీఖు పెట్టుండ్రి."