టిల్ట్ లైటు

కూల్‌డ్రింక్ షాపులో పిన్‌బాల్ మిషను ముందు విజయరాణి నిలబడగానే కుర్రాళ్ళు నవ్వారు. ఆగిరిపల్లి షెడ్డులో మామిడికాయలు గడ్డిలో సర్దుకునే పిల్లకి ఈ ఆటేంటని వాళ్ళ ఎగతాళి. ఎక్కువ స్కోరు కొట్టినవాళ్ళ పేర్లు రాసే పలక గోడకుంది. ఆడపిల్లల పేర్లు అందులో రాయనన్నాడు ఓనరు కోటేశ్వరరావు.

"రాయించే వెళ్తాను," అంది విజయరాణి.

మద్రాసు నుంచి వచ్చిన పాత మిషను అది. బంతిని దారి మళ్ళించాలని గట్టిగా కుదిపితే లోపల వేలాడే గుండు రింగుకి తగిలి టిల్ట్ లైటు వెలుగుతుంది. ఇక బంతిని కొట్టే మీటలు పనిచెయ్యవు, ఆ బంతి పోయినట్టే. కుర్రాళ్ళ ఆటలు చాలావరకు అక్కడే ముగిసేవి. విజయరాణి మాత్రం కాయకి దెబ్బ తగలకుండా గడ్డిలోకి ఒత్తినట్టు, అరచేత్తో మిషన్ని కొద్దిగా నెట్టేది. రోజురోజుకీ స్కోరు పెరిగింది. మెకానిక్ శౌరికి పనీ పెరిగింది. ఏ రోగమూ లేని మిషన్ని కూడా ఆమె వచ్చే వేళకి విప్పుకుని కూర్చునేవాడు.

ఆ ఆదివారం షాపు నిండా జనం. పలక మీది పెద్ద స్కోరు దాటి తీరతానని ఆమె అందరి ముందూ చెప్పింది మరి. ఆటకి ఐదు బంతులు. మొదటి బంతికే కంగారులో మిషన్ని గట్టిగా కుదిపేసింది. లైటు వెలగలేదు.

విజయరాణి మీటలు వదిలేసి శౌరి వంక చూసింది.

"గుండు పైకి కట్టేశారా?"

"మీరు గెలవాలని..." నీళ్ళు నమిలాడు శౌరి.

"ఓడిపోతానని మీరూ అనుకున్నారన్నమాట. వాళ్ళకీ మీకూ తేడా ఏంటండీ? దించండి."

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. శౌరి తలవంచుకుని, తప్పు తనదేనని అందరికీ వినపడేలా చెప్పి, గుండు మళ్ళీ కిందికి దించాడు. ఆ బంతి తనకొద్దని, మిగిలిన నాలుగింటితోనే ఆడతానని ఆమె పట్టుబట్టింది.

ఆఖరి బంతి పైనుండగా, సంగతి తెలిసి తోటలోంచి పరుగున వచ్చిన తండ్రి బుచ్చయ్య ఇంటికి పదమన్నాడు. ఆట అయ్యేదాకా ఆగమంది, తల తిప్పకుండానే. గంటలు టంగుటంగుమన్నాయి. అంకెల చక్రాలు గిర్రున తిరిగి పాత స్కోరు దాటేశాయి.

కోటేశ్వరరావు సుద్దముక్క పట్టుకుని నసిగాడు. విజయరాణి అది లాక్కుని తన పేరు తనే రాసింది. ఆ వేడిలోనే తండ్రి వైపు తిరిగింది.

"తప్పు చేస్తే పదిమందిలో ఒప్పుకునే మనిషి నాన్నా ఈయన. ఈయనకిష్టమైతే, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటాను."

"ఇష్టమేనండీ," అన్నాడు శౌరి.

బుచ్చయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత పలక వైపు తిరిగాడు.

"మన ఇంటిపేరు కూడా రాయమ్మా," అన్నాడు. "పెళ్ళయితే మారిపోద్దిగా."