వెలిసిపోని ఎరుపు

ఉదయం తొమ్మిది గంటల ఇరవై ఐదు నిమిషాలు.

నీటి శుద్ధి కేంద్రంలో పంపుగది నేలమట్టానికి తొమ్మిది మెట్లు కిందుగా ఉంది. అక్కడ పంపు ఆపరేటర్ శవం బోర్లా పడి ఉంది. ఏడుంపావుకు క్లోరిన్ సిలిండర్ వాల్వ్ లీకైంది. ఎనిమిదిన్నరకు ఫైర్ సిబ్బంది గాలి శుభ్రపడిందని తేల్చి లోపలికి వెళ్లారు. అప్పటికే ప్రాణం పోయింది. శవాన్ని ఎవరూ కదపలేదు.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన కూర్చున్నాడు. రెండు అరచేతులకూ బురద. ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగింది. నీలం చొక్కా మీద తెల్ల మచ్చలు. తడినేల మీద సిలిండర్ నుంచి ఇక్కడిదాకా రెండు చారలు. అవి మెట్లను ఆనుకునే వచ్చాయి. మెట్లు దాటి ఇంకో పన్నెండు అడుగులు.

చేతికందే దూరంలో మెట్లుండగా ఈ మనిషి పాక్కుంటూ ముందుకెందుకు వెళ్లాడు?

"సూపర్‌వైజర్ ఒక్కతే పైకి పారిపోయింది సార్," అన్నాడు ప్లాంట్ మేనేజర్. "ఇతన్ని గాలికొదిలేసింది. ఏం చెయ్యాలో గోడ మీద రాసే ఉంది, చూడండి."

గోడకు అంటించిన కాగితం మీద ఎర్రటి పెద్ద అక్షరాలు. 'గ్యాస్ లీకైతే వెంటనే మెట్లెక్కి ఎత్తైన చోటికి చేరండి. తోటివారిని వెంట తీసుకెళ్లండి.' కింద ఆ సూచనలు రాసిచ్చిన భద్రతా సలహా సంస్థ ముద్ర, రెండేళ్ల కిందటి తేదీ.

పక్కనే ఒక క్యాలెండర్ వేలాడుతోంది. బొమ్మ స్థానంలో తెల్లటి మరకలున్నాయి.

పై గదిలో సూపర్‌వైజర్ దగ్గుతూ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. కానిస్టేబుల్ అరెస్టు కాగితాలు సిద్ధం చేస్తున్నాడు.

"అతన్ని పిలిచావా అమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"పిలిచాను సార్. ఇటు రా బాబాయ్ అని అరిచాను. రాలేదు. నన్నే కిందికి వంగమని చెయ్యి ఊపాడు."

"కాగితంలో మెట్లెక్కమని ఉందిగా?"

"నిన్నటిదాకా అలా లేదు సార్. నేలకి ఆనుకుని పాకండి, మెట్లెక్కకండి, చివరి తలుపు దగ్గరికి పొండి అని ఉండేది. మేనేజర్ గారు ఎప్పుడూ దిగి చదివింది లేదు. చెప్తే ఎవరూ నమ్మట్లేదు."

"మరి నువ్వెందుకు పాకలేదు?"

ఆమె తల దించుకుంది. "డ్రిల్ రోజు సెలవు పెట్టాను. గుర్తు రాలేదు. భయమేసి పరుగెత్తాను. బాబాయ్ ఒక్క డ్రిల్ కూడా తప్పేవాడు కాదు."

"ఆ క్యాలెండర్ మీద ఏం బొమ్మ ఉండేది?"

ప్రశ్న విని ఆమె తెల్లబోయింది. "ఎర్ర గులాబీలు సార్. నిన్న కూడా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ గేటు రిజిస్టర్ తెప్పించాడు. ఎనిమిది ముప్పై ఐదుకు సలహా సంస్థ యజమాని లోపలికి వచ్చాడు. పోలీసుల కంటే యాభై నిమిషాలు ముందు.

పన్నెండు గంటలకు అందరూ మేనేజర్ గదిలో ఉన్నారు. సలహాదారు చలవ చేసిన చొక్కాలో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మీ సంస్థ టెంప్లేట్లు వాడుతుందా?"

"ఛ. ప్రతి క్లయింట్‌కీ విడిగానే తయారుచేస్తాం. సైటు చూసి, సిబ్బందితో మాట్లాడి."

"ఆ కాగితం రెండేళ్లుగా గోడ మీదే ఉందా?"

"ఉంది."

"ఈ ఉదయం కూడా?"

"ఉంది సార్."

"క్లోరిన్‌కి తడి తోడైతే రంగులు తినేస్తుంది. కింద క్యాలెండర్లో గులాబీలు పోయాయి. చచ్చినవాడి నీలం చొక్కా తెల్ల మచ్చలతో నిండిపోయింది. మీ ఎర్ర అక్షరాలు మాత్రం పెళ్లిశుభలేఖలా మెరుస్తున్నాయి. ఆ కాగితం గ్యాస్ పోయాక వచ్చింది."

కానిస్టేబుల్ అతని బ్యాగ్‌లోంచి నలిగిన కాగితం తీసి బల్లమీద పెట్టాడు. వెలిసిన అక్షరాలు. 'నేలకు ఆనుకుని పాకండి. మెట్లెక్కరాదు.'

"ఇది ఎవరికోసం రాశావు?" ఇన్‌స్పెక్టర్ గొంతులో మర్యాద పోయింది.

"మొదట ఒక కోల్డ్ స్టోరేజీకి. అక్కడుండేది అమ్మోనియా. అది పైకి లేస్తుంది, అందుకే పాకమన్నాం."

"క్లోరిన్?"

"కిందికి దిగుతుంది."

"అంటే తెలుసు."

"టెంప్లేట్ వాడటం తప్పు కాదు సార్. అందరూ వాడతారు. తొంభై శాతం అన్నిచోట్లా ఒకటే కదా."

"వాడుకో. ఎవరొద్దన్నారు? మారాల్సినవి ఖాళీలుగా వదిలి, వెళ్లి అడిగి నింపాలి. నువ్వు సంస్థ పేరొక్కటే మార్చావు. పైగా విడిగా తయారుచేశానని చెప్పుకున్నావు. నీ మాట నమ్మినవాడు చచ్చాడు. వినడం మరిచిపోయిన పిల్ల బతికింది. ఆ నేరం కూడా ఆమె నెత్తినే రుద్దబోయావు."

ఇన్‌స్పెక్టర్‌కు శవం దగ్గర కూడా ఇంత అసహ్యం వేయలేదు. కానిస్టేబుల్ సూపర్‌వైజర్ పేరున్న కాగితాలు చింపేశాడు.

"ఇది ఇంకెన్ని చోట్లకి వెళ్లింది?"

"నలభై ఒకటి."

"వాటిలో క్లోరిన్ ఎన్నింట్లో ఉంది?"

"తెలియదు."

"ఎందుకు తెలియదు?"

"ఎప్పుడూ అడగలేదు సార్."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ స్పీకర్ ఆన్ చేసి అతని ముందుకు తోశాడు. "ఇప్పుడడుగు. ఒక్కొక్కళ్లనీ."

మొదటిది ఐస్ ఫ్యాక్టరీ. అమ్మోనియా. రెండోదీ అంతే. మూడోది ఈతకొలను.

"క్లోరిన్ అండీ," అంది అవతలి గొంతు. "అన్నట్టు, వచ్చే వారం మీ డ్రిల్ పెట్టుకున్నాం. అందరికీ నేర్పిస్తున్నాం."

సలహాదారు నోరు తెరిచాడు. చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క అతని ముఖంలో అందరికీ కనిపించింది.

సూపర్‌వైజర్ లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఆ కాగితం ఇప్పుడే చింపెయ్యండి," అంది దగ్గును ఆపుకుంటూ. "గ్యాస్ వస్తే పైకి పరుగెత్తండి. ఎవరైనా వద్దని చెయ్యి ఊపితే వినకండి. రెక్క పట్టుకుని పైకి లాక్కురండి."

ఫోన్ పెట్టేసి జాబితాలో నాలుగో నంబరు తనే నొక్కింది.