చెండు తెమ్మంది

ఆ బూట్లు ఎవరో విడిచి మరిచిపోయినవనుకున్నాను.

మాన్వి హైస్కూల్లో ఏడో తరగతి గది. గోడవారగా బల్లలు, వాటి మీద తెల్లగుడ్డలు. నాకిచ్చిన బల్లకు పక్కబల్ల మీద తోలు ఊడిన నల్లబూట్ల జత ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. బల్ల మీద చెప్పులేమిటని లేసులు పట్టుకుని తీసుకెళ్లి, గుమ్మం బయట అందరి చెప్పుల వరసలో పెట్టి వచ్చాను. మంచిపని చేశానన్న తృప్తి కూడా కలిగింది.

ఆ తృప్తి ఐదు నిమిషాలు నిలిచింది. ఒక అమ్మాయి రెండు చేతుల్లో రెండు బూట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, వీటిని బయట పారేసింది ఎవరని అడిగింది. నేనేనని ఒప్పుకున్నాను. నేరం నెట్టెయ్యడానికి గదిలో ఇంకెవరూ లేరు మరి.

"పారెయ్యలేదండీ. వరసలోనే పెట్టాను."

"గివి తొడుక్కునే బూట్లు గావు. సూసే బూట్లు," అంది.

బూట్లను బల్ల మీద పెట్టి, కొంగుతో దుమ్ము తుడిచి, నా వైపు చూడకుండా కూర్చుంది. నేను నా ఆల్బం తెరిచి నాకు కంఠతా వచ్చిన బొమ్మలనే మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

అది 1970 ఎండాకాలం. తుంగభద్ర కాలువ కట్టేసిన నెల. నీళ్లు లేకపోతే వరి లేదు, వరి లేకపోతే మాకు పని లేదు. నరసరావుపేట వైపు నుంచి మా నాన్న చెంచయ్య ఇక్కడి కాలువ భూములకు వచ్చి పదేళ్లయింది. సింధనూరు దగ్గర, మావైపు నుంచి వచ్చినవాళ్లంతా ఇళ్లు వేసుకున్న మా క్యాంపులో కుర్రాళ్లందరం మంచాల మీద దొర్లుతుంటే, బస్టాండులో ఒక కాగితం కనబడింది. ఆటలకు సంబంధించిన పాత వస్తువులు, బొమ్మలు దాచుకున్నవాళ్లు మాన్వి తెచ్చి చూపించవచ్చు, ఇష్టమైతే ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. వరసగా రెండు ఆదివారాలు.

నా దగ్గర పిప్పరమెంటు పొట్లాల్లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. పిప్పరమెంట్లు తిని పళ్లు పోగొట్టుకున్నాడు, బొమ్మలు మిగిలాయి అనేది మా అమ్మ. ఇరవై రెండేళ్లవాడికి ఇదేం పిచ్చి అని మా నాన్న అనేవాడు. ఇద్దరి మాటా నిజమే.

పదిగంటలకల్లా గది నిండింది. అగ్గిపెట్టెల మీది పహిల్వాన్ల బొమ్మలు తెచ్చినాయన ఒకరు, ఒలింపిక్స్ స్టాంపులు తెచ్చినాయన ఒకరు, విరిగిన హాకీకర్ర పట్టుకుని అదెవరు విరగ్గొట్టారో రోజంతా చెప్పినాయన ఒకరు. పక్కబల్ల దగ్గరే జనం తక్కువ. అక్కడున్నవి ఆ బూట్లు, ఒక వెలిసిన బనీను, పదకొండుమంది నిలబడ్డ ఒక ఫొటో, అంతే.

కాసేపటికి ఆ అమ్మాయే నా ఆల్బం వైపు వంగి, మీ ఆటగాళ్లందరికీ ఒకటే మూతి ఉందేమని అడిగింది. అచ్చు మంచిది కాదన్నాను. అచ్చుదేం తప్పు, ఒకడి మీసం తీసి ఇంకొకడికి పెట్టినట్టున్నారంది. చూస్తే నిజంగా అలాగే ఉంది. అన్నేళ్లు దాచుకున్నవాణ్ని, నాకెప్పుడూ కనబడలేదు.

పేరు ఉలిగెమ్మ అని చెప్పింది. నవ్వొచ్చింది గాని, నా పేరు యలమందయ్య కావడంతో నవ్వే హక్కు లేకపోయింది.

బూట్ల కథ కూడా చెప్పింది. వాళ్ల నాన్న రంగప్ప, హైదరాబాదు స్టేటు రోజుల్లో మాన్వి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. గుల్బర్గా వెళ్లి కప్పు గెలుచుకొచ్చిన జట్టు. తరవాత మోకాలు పోయాక చేతికర్ర వచ్చింది. కర్ర వచ్చాక నలుగురిలోకి వెళ్లడం మానేశాడు.

"రెండేండ్లాయె మా నాయన ఇల్లు దాటక. నన్నెవరు యాది పెట్టుకుంటరు అంటడు. వచ్చే ఐతారం ఎట్లన్న చేసి ఈడికి తోల్కస్త," అంది. ఆ పిల్ల బూట్ల కోసం అంత కోపం ఎందుకు తెచ్చుకుందో అప్పుడు అర్థమై, నా మీద నాకే చిరాకేసింది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు అమరప్పగారు వచ్చి అందరికీ ఏదో ప్రకటించారట. అప్పుడు నేను వరండాలో కుండ దగ్గర నీళ్లు తాగుతున్నాను. ఆ దాహం వెయ్యకపోతే ఈ కథే లేదు. తిరిగొచ్చేసరికి ఉలిగెమ్మ ముఖం వెలిగిపోతోంది. మీ క్యాంపులో దొరకని వస్తువు లేదన్నారు కదా అంది. గొప్పలకు పోయి అలా అన్నమాట నిజమే.

"అయితే వచ్చే ఐతారం వస్తప్పుడు మంచి చెండు ఒకటి పట్టుకరాండ్రి. మా నాయన ముంగటనే ఇయ్యాలె," అంది.

తలూపాను.

బస్సులో సింధనూరు దాకా ఆలోచించాను. పరిచయమై ఒక పూట కాలేదు. పూలచెండు తెమ్మంది. అదీ చాటుగా కాదు, కన్నతండ్రి ఎదురుగా. ఈ దేశంలో ఆడపిల్లలకు ఇంత ధైర్యమా అనిపించింది. భయం వేసిందని అబద్ధమాడను. సంతోషమే ఎక్కువ వేసింది.

మల్లెలు మా అమ్మ పెరట్లోనే ఉన్నాయి కాబట్టి అమ్మకు చెప్పక తప్పలేదు. మా అమ్మ వెంకటరత్నమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది. మన భాష కాదు, మన ఊరు కాదు అని ముందు కాస్త గొణిగింది. తరవాత ఆలోచనలో పడింది.

"వాళ్ల నాన్న ఎదురుగానే ఇమ్మందా? అయితే పద్ధతి గలవాళ్లేరా. నాన్నకు మాత్రం ఇప్పుడే చెప్పకు," అంది.

శనివారం సాయంత్రం మొగ్గలు కోసి అరటినారతో కట్టింది. గుండ్రంగా, గట్టిగా, కొబ్బరికాయంత చెండు. తడిగుడ్డ చుట్టి ఇస్తూ, కుడిచేత్తో ఇవ్వమని చెప్పింది.

ఆదివారం పొద్దున బస్సంతా ఘుమఘుమలాడింది. పెళ్లెక్కడని కండక్టరు అడిగాడు. ఇంకా తెలియదన్నాను.

ఏడో తరగతి గదిలో ఆ రోజు నిలబడడానికి చోటు లేదు. ముందు వరసలో ఒక కుర్చీ, పక్కన బెంచీ. కుర్చీలో ఉతికిన చొక్కాతో, మోకాళ్ల మధ్య కర్రతో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే రంగప్ప. బెంచీ మీద అలాంటి వయసువాళ్లే ఐదుగురు. హెడ్మాస్టరుగారు సిరాకలం మూత తీసి పట్టుకుని ఉన్నారు. ఉలిగెమ్మ నా చేతిలో తడిగుడ్డ చుట్టిన గుండ్రటి వస్తువును చూసి, అదిగో వచ్చింది అని వాళ్ల నాన్న చెవిలో చెప్పింది. అందరూ నా వైపే చూశారు. ఇంతమంది ముందు ఏర్పాటు చేసిందా అని నాకు చెమట్లు పట్టాయి.

అయినా మగాణ్ని కదా. ముందుకు వెళ్లి, కుడిచేత్తో ఇచ్చాను. ఆమె గుడ్డ విప్పింది.

మల్లెల వాసన గది నిండా పరుచుకుంది.

"ఏంది గిది?"

"చెండు. మీరే కదండీ తెమ్మన్నారు."

"నేను తెమ్మన్నది తన్నే చెండు," అంది చిన్నగా.

అమరప్పగారు నాకు విడమరిచి చెప్పారు. పోయిన ఆదివారం ఆయన ప్రకటించింది అదేనట. గుల్బర్గాలో గెలిచిన జట్టులో మిగిలిన ఆరుగురూ వస్తారు, ఒక ఫుట్‌బాల్ మీద సంతకాలు పెడతారు, ఆ బంతి స్కూల్లో అద్దాల బీరువాలో ఉంటుంది. ఆ మాట చెప్పే ఉలిగెమ్మ తండ్రిని ఇల్లు కదిలించింది. స్కూల్లో ఉన్న ఒక్క బంతీ పోయిన సంవత్సరమే చిరిగిపోయింది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత చాలామంది నవ్వారు. ఆ నవ్వు నా మీదేనని రంగప్పకు తెలియదు కదా. తన మీదే అనుకున్నాడు. కర్ర మీద బరువు వేసి లేవబోయాడు.

"నడువ్ బిడ్డా. నేను ముందే చెప్తి, నా మాట యాడ వింటివి," అన్నాడు.

ఉలిగెమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. నన్ను తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఆ చెండును రెండు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది.

అప్పుడు బెంచీ మీద నుంచి బట్టతలాయన ఒకడు లేచాడు. పంపన్నట. ఆ జట్టులో గోల్స్ కొట్టినవాడు, రెండు గంటల బస్సుకు తిరిగి లింగసుగూరు పోవలసినవాడు. ఆమె చేతిలోంచి మల్లెచెండు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బొటనవేళ్లతో నొక్కి చూశాడు.

"గాలి జర తక్కువున్నది. ఫరవాలేదు, నడుస్తది," అని, "రంగప్పా, పట్టు," అన్నాడు.

విసిరేశాడు. రంగప్ప చేతులు ఆయన్ను అడగలేదు. కర్ర కింద పడింది, చెండు రెండు అరచేతుల మధ్య ఆగింది. నవ్వినవాళ్లు నోళ్లు మూశారు.

రంగప్ప కాసేపు పూలను చూశాడు. "ఇంత మెల్లగ కొడ్తివా? పాతికేండ్లకు గూడ నీ కాలు మారలేదురా పంపన్నా," అన్నాడు. అని తిరిగి విసిరాడు. పంపన్న పక్కవాడికి, పక్కవాడు ఇంకొకడికి. మల్లెలు రాలుతున్నాయి, ముసలాళ్లు ఒకళ్లనొకళ్లు కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో తిట్టుకుంటున్నారు. మూడోసారి చెండు కాస్త ఎత్తుగా వచ్చింది. రంగప్ప లేచి నిలబడి అందుకున్నాడు. కర్ర ఇంకా కిందే ఉంది. ఉలిగెమ్మ పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయింది.

సంతకాలకు మాత్రం ఏదో ఒకటి కావాలి. నా ఆల్బంలో మొదటి అట్ట ఊడదీసి, మీద అంటించిన తొమ్మిది బొమ్మలూ పీకేశాను. నాలుగు చిరిగాయి. నా దగ్గర అంతకంటే మంచివి లేవు, అయినా ఆ పూట బాధ కలగలేదు. ఆరుగురూ దాని మీద సంతకాలు పెట్టారు. రంగప్ప తన సంతకం కింద గోల్‌కీపరు అని కూడా రాశాడు. పంపన్న తన రెండు గంటల బస్సు వదిలేసుకున్నాడు.

వెళ్లేముందు రంగప్ప నన్ను పిలిచి ఏ ఊరు, ఎవరి కొడుకువని అడిగి, వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. ఈసారి అసలు చెండు తెమ్మని నవ్వాడు.

ఉలిగెమ్మ బూట్లు సంచిలో సర్దుతోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మా వైపు దాన్ని బంతి అంటామండీ. చెండంటే పువ్వులే."

"మా తాన బంతి అంటె పువ్వు," అంది తలెత్తకుండా.

"మరి వచ్చే ఆదివారం ఏం తీసుకురమ్మంటారు? పొరపాటు పడకుండా ఇప్పుడే చెప్పండి."

సంచి మూతి ముడివేసింది. ఆ ముడికి అంతసేపు పట్టదు.

"మా నాయనకు తన్నేది తే," అంది. "నాకేం తెమ్మని నేను పోయిన ఐతారం గూడ అడగలే. అడగకుండనే తెస్తివి గద. ఈసారి గూడ అట్లనే తే."